పాటల పుస్తకాలకు సొంత వెబ్‌సైటు పెట్టాలా అని అడిగినవారికి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు సైదాపేటలో, మౌంటు రోడ్డులో థియేటర్ల దగ్గర కొని దాచిన తెలుగు సినిమా పాటల పుస్తకాలు మీ దగ్గర దాదాపు నాలుగు వందలున్నాయి. వాటి అట్టల్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు, మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కానీ ఫలానా ఏడాది పుస్తకాలేమున్నాయని ఎవరైనా అడిగితే మీ పోస్టుల్లో మీరే వెతుక్కోలేకపోతున్నారు. సొంత వెబ్‌సైటు పెడితే ఈ రోజుల్లో ఎవరు చూస్తారు, ఎంత ఖర్చవుతుంది, కోడింగు రాకపోయినా కుదురుతుందా అని అడిగారు.

నేను మద్రాసులోని పాత తెలుగు అచ్చాఫీసుల మీద చిన్న సైటొకటి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. అందులో రూపాయి ఆదాయం లేదు, ఉండాలని అనుకోనూ లేదు. మీ దగ్గరున్న సరుకు నా పనికి పక్కింటిది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు జవాబు చెప్పేస్తాను: పెట్టండి. ఇంకో ఏడాది ఆగి చూద్దామని మాత్రం అనుకోకండి.

ఇన్‌స్టాగ్రామ్ మానేయమనడం లేదు. జనం అక్కడున్నారు, అట్ట బొమ్మ చూసి ఆనందిస్తారు, ఆనందించనివ్వండి. కానీ అక్కడ పెట్టింది ఆ పూటకే. ఒక పాటల రచయిత మనవరాలో, యూనివర్సిటీలో పరిశోధన చేసే కుర్రాడో రేపు ఎప్పుడో ఫలానా సినిమా పాటల పుస్తకం ఎవరు అచ్చువేశారని వెతుకుతారు. వాళ్లకు కావలసింది ఆ పుస్తకానికంటూ ఒక పేజీ, ఆ పేజీకి ఎప్పటికీ మారని చిరునామా. హాబీ వెబ్‌సైటుకు ఇదే ప్రాణం. రంగులు, కదిలే బొమ్మలు, ఎంతమంది చూశారో లెక్కపెట్టే మీటర్లు ఉన్నా లేకపోయినా ఒకటే. వెబ్‌ను పుట్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ సంగతి తేల్చి రాశారు: వెబ్ చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులే మారుస్తారు అని. మీరు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ గీటురాయి మీదే చూడండి. పదేళ్ల తర్వాత కూడా ఈ లింకు నొక్కితే ఈ పేజీ తెరుచుకుంటుందా? తెరుచుకోదనిపిస్తే ఆ దారి వద్దు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. జియోసిటీస్ అని ఉండేది. 1994లో మొదలై, ఎవరికి వాళ్లు ఉచితంగా పేజీలు పెట్టుకునే వీలు కల్పించింది. 1999లో దాన్ని యాహూ కొన్నది, 2009 అక్టోబరులో మూసేసింది. జనం గుంపులుగా చేరి కబుర్లాడుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. పాత పాటల మీద మనవాళ్లు రాత్రంతా కూర్చుని చేసుకున్న చర్చలు ఎన్నో అందులోనే ఉండేవి. అలాంటిదే గూగుల్ ప్లస్, 2019 ఏప్రిల్‌లో పోయింది. వీటిలో రాసినవాళ్ల కష్టంలో లోపమేమీ లేదు, చిరునామా మాత్రం వాళ్ల చేతిలో లేదు. జియోసిటీస్ పేజీలు ఇవాళ ఎంతోకొంత కనబడుతున్నాయంటే, మూసేలోపు కొందరు ఔత్సాహికులు పగలూ రాత్రీ కాపీ చేసి దాచబట్టే.

మన భాషకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. అన్ని కంప్యూటర్లూ తెలుగును ఒకేలా చదివే యూనికోడు అనే పద్ధతి వాడకంలోకి రాకముందు ఒక్కో సైటుకు ఒక్కో ఫాంటు. పైకి తెలుగులా కనబడేది, లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం. ఆ ఫాంటు పోయిందంటే పేజీ ఉన్నా చదవలేం. సెర్చి ఇంజన్లకైతే అది అప్పుడూ తెలుగు కాదు, ఇప్పుడూ కాదు. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికల్ని ఈ రోజు కూడా హాయిగా చదువుకోగలుగుతున్నామంటే, పూనుకుని వాటిని యూనికోడులోకి తెచ్చుకున్నారు కాబట్టి. ఆ శ్రద్ధ చూపనివాళ్ల రాతలు ఎన్ని పోయాయో.

ఇక పనిలోకి దిగుదాం. మొదట కొనవలసింది డొమైను, అంటే సైటు పేరు. చివర డాట్ ఇన్ ఉండే పేరుకు ఆ పేర్లు అమ్మే సంస్థను, అంటే రిజిస్ట్రారును బట్టి ఏడాదికి ఐదు వందల నుంచి వెయ్యి రూపాయల దాకా అవుతుంది. మొదటి ఏడాది తొంభై తొమ్మిదికే ఇస్తామంటారు. దానికి మురిసిపోకుండా రెండో ఏడాది నుంచి ఎంతో చూసుకోండి, మీరు ఏటా కట్టేది ఆ ధరే. పేరు చిన్నదిగా, ఫోనులో ఒకసారి చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా రాసుకునేదిగా ఉండాలి. దీర్ఘాలకు రెండేసి అక్షరాలు వాడాలా ఒకటి వాడాలా అని తడబడే పేరైతే మార్చేయండి. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని కూడా పేరు కొనుక్కోవచ్చు, చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే లోపల కంప్యూటర్లు దాన్ని రోమన్ అక్షరాల చిక్కుముడిగా మార్చుకుని వాడతాయి. కొన్ని మెయిళ్లలో, ఫారాల్లో ఆ చిక్కుముడే బయటికి కనబడుతుంది. కావాలంటే రెండో పేరుగా ఉంచుకోండి, మొదటిది రోమన్‌లోనే ఉండనివ్వండి.

డొమైను మీ పేరు మీద, మీ మెయిలుతో, మీ కార్డుతో కొనండి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. నాకు తెలిసిన ఒకాయన వడపళనిలో పాత స్టూడియోల ఫోటోలతో చక్కని సైటు కట్టించుకున్నారు. కట్టి ఇచ్చిన కుర్రాడు పేరు తన ఖాతాలోనే కొన్నాడు. తర్వాత ఉద్యోగం మారి వేరే దేశం వెళ్లాడు. గడువు దాటిన సంగతి ఈయనకు తెలిసేసరికి ఆ పేరును జూదం సైటువాళ్లు కొనేశారు. ఈయన ఎన్నో ఏళ్లు పంచిన లింకులన్నీ ఇప్పుడు అక్కడికే పోతున్నాయి. గడువు దాటాక తిరిగి తీసుకునే అవకాశం కొన్ని వారాలే ఉంటుంది. అందుకే కుదిరితే ఒకేసారి ఐదేళ్లకు కట్టేయండి. రిజిస్ట్రారుకు ఇచ్చే మెయిలు మీ సైటు పేరుతో ఉన్న మెయిలు కాకూడదు. సైటు పేరు పోయిన రోజున ఆ మెయిలూ పోతుంది, హెచ్చరిక ఎవరికి చేరుతుంది? ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ ఖాతా వివరాలు తెలిసి ఉండాలి. ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతోపాటు బీరువాలో పెట్టండి.

రెండోది పేజీలు ఎక్కడ ఉంచాలన్నది. మీకు కోడింగు రాదు, ఎక్సెల్ బాగా వచ్చునని రాశారు. ఎక్సెల్ వచ్చినవాళ్లకు వెబ్ పేజీలు రాసే భాషైన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో మామూలు పేజీ రాయడం రావడానికి కొన్ని సాయంత్రాలు చాలు. నా సలహా ఇది: ఒక పుస్తకానికి ఒక మామూలు పేజీ. ఒక నమూనా పేజీ చేసుకుని, దాన్నే కాపీ చేసి వివరాలు మార్చుకుంటూ పోవడమే. డేటాబేసులు, ప్లగిన్లు ఏవీ ఉండవు కాబట్టి చెడిపోవడానికీ, హ్యాకర్లు దూరడానికీ సందు తక్కువ. ఇలాంటి సైట్లను గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటివి ఉచితంగా ఉంచుతాయి. వీటిలో ఏది రేపు మూతపడినా పేరు మీది, ఫైళ్లు మీవి. ఫోల్డరు తీసుకెళ్లి ఇంకోచోట పెట్టి, డొమైనును అటు తిప్పితే చాలు. చదివేవాళ్లకు తేడా తెలియనే తెలియదు. సైటు భద్రమని బ్రౌజరులో కనబడే తాళం గుర్తుకు ఒకప్పుడు డబ్బులు కట్టేవాళ్లం. దాన్ని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015లో వచ్చాక ఆ ఖర్చు కూడా లేదు.

గిట్‌హబ్‌లో ఒక సైటుకు ఒక గిగాబైటు హద్దు. అది మీకు చాలదేమోనని అనుకుంటారు, చాలుతుంది. ఒక్కో పుస్తకానికి ముందు అట్ట, వెనుక అట్ట, వివరాల పేజీ, ఈ మూడు బొమ్మల్ని ఒక్కోటి రెండు వందల కిలోబైట్లకు కుదిస్తే నాలుగు వందల పుస్తకాలకు మొత్తం రెండు వందల నలభై మెగాబైట్లు. ఫోనులో తక్కువ డేటాతో చూసేవాళ్లకు కూడా అదే మేలు.

హెచ్‌టీఎమ్‌ఎల్ మీద మనసు పోకపోతే గూగుల్ వారి ఉచిత బ్లాగు సేవ బ్లాగర్‌లో మొదలుపెట్టండి, తప్పేం లేదు. దానికి కూడా మీ సొంత డొమైను తగిలించుకోవచ్చు, అది మాత్రం మొదటి రోజే చేయండి. బ్లాగర్ ప్రతి పోస్టు చిరునామాలోనూ మీరు పోస్టు చేసిన ఏడాదిని, నెలను ఇరికిస్తుంది. మీ పుస్తకాలకు కావలసింది ఆ ఏడాది కాదు కదా. అందుకే నా మొగ్గు మామూలు పేజీల వైపే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పేజీలో ఏం పెట్టాలి? మీ ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్లో నాకు వెలితిగా అనిపించింది ఇదే: అట్ట బొమ్మను చతురస్రంగా కత్తిరించేస్తున్నారు. ఆ కత్తిరింపులో పోయేదే నాలాంటివాళ్లకు ముఖ్యం. ఒక పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. ముందు అట్ట మీద రెండు రంగుల్లో నాయికా నాయకులు. లోపల నటీనటులు, సాంకేతిక వర్గం. తర్వాత కథా సంగ్రహం, సరిగ్గా చిక్కుముడి బిగుసుకునే చోట ఆపి మిగతాది వెండితెర మీద చూడమంటుంది. ఆపైన పాటలు. వెనుక అట్ట మీద తలనూనెదో సబ్బుదో ప్రకటన. దాని కింద, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనబడనంత చిన్న అచ్చులో, ప్రెస్సు పేరు, ఊరు. ఆ పంక్తి ప్రెస్సువాళ్లు సరదాకు వేసింది కాదు. 1867 నాటి ముద్రణాలయాల చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం మీద, కాగితం మీద ముద్రాపకుడి పేరు, అచ్చువేసిన చోటు ఉండి తీరాల్సి ఉండేది. చట్టానికి భయపడి వేసిన ఆ ఒక్క పంక్తే ఇవాళ మనకు చరిత్ర. నాలుగు వందల పుస్తకాల నుంచి ఆ పంక్తులన్నీ తీసి వరుసగా రాస్తే, మద్రాసులో సినిమావాళ్ల పని ఎవరెవరు చేశారో, ఏ వీధుల్లో చేశారో తెలిసిపోతుంది. ఆ జాబితా ఇంతవరకూ నాకు ఎక్కడా కనబడలేదు.

ఏ ఏడాదిదో తేల్చడానికి కూడా పుస్తకం మీదే గుర్తులుంటాయి. వెల చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రాకముందుదనో, ఆ అలవాటు పోకముందుదనో అనుకోవచ్చు. నయాపైసలని ఉంటే 1957కూ 1964కూ మధ్యది, ఎందుకంటే 1964 జూన్ నుంచి 'నయా' తీసేసి ఉత్త పైసలన్నారు. చిరునామా చూడండి. ఉత్త మద్రాసు-17 అనో మద్రాసు-26 అనో ఉంటే చాలావరకు 1972 ఆగస్టు 15కు ముందుది, పిన్‌కోడు ఆ రోజే మొదలైంది. ఆరంకెల్లో 600 017 అని ఉంటే కచ్చితంగా తర్వాతది. అసలు ఇది ఎందుకు కావాలంటే, మన సినిమాలు మళ్లీ మళ్లీ విడుదలయ్యేవి, విడుదలైనప్పుడల్లా పాటల పుస్తకం మళ్లీ అచ్చయ్యేది. సినిమా వచ్చిన ఏడాది ఒకటి, మీ చేతిలోని పుస్తకం అచ్చయిన ఏడాది ఇంకొకటి కావచ్చు. పేజీలో ఆ రెండింటికీ వేరు వేరు గళ్లు పెట్టండి. పుస్తకం మీద అచ్చయి ఉన్నదేదో, మీరు ఊహించిందేదో విడివిడిగా రాయండి. ఊహ అయితే దేన్ని బట్టి ఊహించారో ఒక ముక్క చేర్చండి: వెల నయాపైసల్లో ఉంది కాబట్టి, అని. చదివేవాళ్లు మీ మాట మీద ఆధారపడేది అప్పుడే.

స్కానింగు గురించి కొంచెం. మన ఊరి ఉప్పుగాలికి పుస్తకాలకు కొట్టిన పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి. పట్టుకుని లాగితే కాగితం చిరిగిపోతుంది, అలాగే అద్దం మీద అదిమితే స్కానరు అద్దం మీద గీతలు పడతాయి. పిన్ను ఉన్న చోట పల్చని ప్లాస్టిక్ షీటు వేసి నెమ్మదిగా పరచండి. కాగితం పల్చన కాబట్టి వెనుక పేజీ అక్షరాలు ఇటువైపు తేలుతాయి. ఆ పేజీ వెనుక ఒక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. నలుపు తెలుపు పేజీలైనా రంగుల్లోనే తీయండి, కాగితం రంగు కూడా సమాచారమే. అంచులు నాలుగూ కనబడాలి. మామూలుగా 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు, ప్రెస్సు పంక్తి మరీ చిన్నదైతే 600. పెద్ద ఫైలు ఇంట్లో దాచుకుని, కుదించినది సైటులో పెట్టండి. ఫైలు పేరు మొదట్లో ఏడాది, తర్వాత సినిమా పేరు, ఆ తర్వాత అట్టా వెనుకా లోపలా అన్నది, అన్నీ చిన్న రోమన్ అక్షరాల్లో. తెలుగులో పెడితే ఏమవుతుందంటారా? లింకులోకి వెళ్లేసరికి ఒక్కో తెలుగు అక్షరం కనీసం మూడు బైట్లయి, శాతం గుర్తులతో కలిపి తొమ్మిదికి తగ్గకుండా గుర్తులుగా సాగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే నాలుగు వరుసల గజిబిజి కనబడుతుంది, మధ్యలో తెగిపోతుంది కూడా.

పేజీలోని రాత మాత్రం నిండా తెలుగులో ఉండాలి, యూనికోడులో టైపు చేసినదై ఉండాలి. సినిమా పేరును బొమ్మలో రాసి పెడితే గూగుల్‌కు కనబడదు. సినిమా పేరు తెలుగులో ఒకసారి, రోమన్‌లో ఒకసారి వేయండి, మనవాళ్లు రెండు రకాలుగానూ వెతుకుతారు. పేజీ మొదట్లో ఈ పేజీ భాష తెలుగు అని ప్రకటించే చిన్న గుర్తొకటి హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఉంది, మరిచిపోవద్దు. చూపులేనివాళ్లకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు దాన్ని చూసే తెలుగు గొంతు ఎత్తుకుంటుంది. ఫాంటుకు సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న వంటివి, లేదా నోటో తెలుగు, అన్నీ ఉచితమే. పేరాలకు మండలి బాగుంటుంది, రామభద్ర శీర్షికలకు. మన లిపికి వత్తులు కింద, గుడులు పైన కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకిచ్చే దానికంటే ఎక్కువ ఇవ్వండి.

హక్కుల సంగతి మీరు అడగలేదు, కానీ మీ విషయంలో అది చాలా ముఖ్యం. మన చట్టంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కిస్తే అరవై ఏళ్ల దాకా రచన మీద హక్కులుంటాయి. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, ఆయన పాటలకు 2031 చివరి దాకా ఉంటాయి. శ్రీశ్రీ గారు 1983, అంటే 2043 దాకా. అందుకని పాటల పాఠాలున్న పేజీల్ని పూర్తిగా స్కాన్ చేసి పెట్టేయకండి. అట్టలు, నటీనటుల వివరాలున్న పేజీ, వెల, ప్రెస్సు పంక్తి, ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు అన్న పట్టిక, మొదటి పంక్తి, వీటి వరకు ఉండండి. ఫోటోలకు ఒకప్పుడు లెక్క వేరు, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు; 2012 సవరణతో అది పోయింది. ఇప్పుడు ఫోటోలకు తీసినవారి జీవితకాలం, చేత్తో వేసిన బొమ్మలకు చిత్రకారుడి జీవితకాలమే లెక్క, కాబట్టి అట్టల మీద కూడా హక్కులు ఇంకా ఉండవచ్చు. హక్కుదారులెవరైనా రాస్తే వెంటనే తీసేసేలా ఒక మెయిలు ప్రతి పేజీ అడుగునా ఉంచండి. ఆ మెయిలు వేరే మేళ్లు కూడా చేస్తుంది, దాని సంగతి కింద చెబుతాను. మీ సొంత రాతకు, పట్టికలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇస్తే, మీ పేరు చెప్పి ఇతరులు వాడుకోవచ్చు. తెలుగు వికీపీడియా వాళ్లకు చేతులు కట్టేయకుండా ఉంటుంది.

సైటు నడపడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, దాని కోసం ఇంటర్నెట్టంతా తిరగడం. ఒక ప్రెస్సు పంక్తి పట్టుకుని బయల్దేరితే ఎక్కడెక్కడికో తీసుకెళుతుంది. పుస్తకాల్ని, వెబ్ పేజీల్ని అందరికీ ఉచితంగా దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. చిక్కల్లా పేర్లు రోమన్‌లో ఎలా పడితే అలా రాసి ఉండటమే. ఒకే పేరును నాలుగు రకాలుగా వెతకాలి, రచయిత పేరుతో ఒకసారి, ఏడాదితో ఒకసారి వెతకాలి. ఓపిక పట్టినవాళ్లకు దొరుకుతాయి. ఆ పుస్తకాల పేరు పేజీ వెనుక కూడా అదే ప్రెస్సు పంక్తి ఉంటుంది. సినిమా పాటల పుస్తకం వేసిన ప్రెస్సే ఇంకోవైపు శతకాలు, పంచాంగాలు వేసిందని తెలిసినప్పుడు కలిగే సంతోషం మీరూ అనుభవించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేయించింది. ఆ పత్రికల్లోని సినిమా ప్రకటనలు విడుదల తేదీ తేల్చడానికి బంగారం లాంటివి. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికే తరలివచ్చింది కదా, మద్రాసు థియేటర్ల సంగతులు అందులో వెతకాల్సిందే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సినిమాల పేజీలు బోలెడు. చూసి వాడుకోవడంతో ఆగకుండా, మీ పుస్తకంలో కనబడిన గాయకుడి పేరో గీత రచయిత పేరో అక్కడ లేకపోతే చేర్చండి, ఆధారంగా మీ పేజీ లింకు ఇవ్వండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్ని మీ పేజీలో ఉచితంగా వాడుకోవచ్చు. జార్జిటౌనులో లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి పటం మీద ప్రెస్సులన్నీ చుక్కలుగా పెడితే ఎంత బాగుంటుందో ఊహించండి.

నెట్టులో దొరకనిది ఊళ్లో దొరుకుతుంది. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచినది, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ఓపికలో పదో వంతు అక్కడ కూర్చుని పాత సంచికలు తిరగేయడానికి పెట్టండి.

ప్రతి పేజీ పెట్టిన రోజే దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో భద్రపరచమని అడగండి. పేజీ చిరునామా అక్కడ అతికించి ఒక బటన్ నొక్కడమే. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీల్ని దాస్తోంది. నేను ఇచ్చిన పాత లింకులు పనిచేయనప్పుడు ఎన్నోసార్లు అక్కడి నుంచే తీసుకున్నాను. మీరు ఇతరుల పేజీకి లింకు ఇస్తున్నా సరే, దాన్ని కూడా భద్రపరచి ఇవ్వండి.

ఇంట్లో పెద్ద ఫైళ్లకు మూడు ప్రతులు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు కొట్టూరుపురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట ఇళ్లలో కింది అంతస్తుల్లో ఏం మిగల్లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి వంతు. పుస్తకమూ హార్డ్‌డిస్కూ ఒకే బీరువాలో ఉంటే నీళ్లకు రెండూ ఒకటే. ఒక హార్డ్‌డిస్కు విజయవాడలోనో నెల్లూరులోనో మీ వాళ్లింట్లో పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకు రండి. మీ ఎక్సెల్ పట్టికను ఎక్సెల్‌గానే కాక సీఎస్‌వీగా కూడా దాచండి. మామూలు అక్షరాల ఫైలు అది, ఏ కంప్యూటరైనా ఎప్పుడైనా తెరుస్తుంది.

ఎవరు చూస్తారన్నారు. మొదటి ఏడాది చాలా కొద్దిమంది. దాని కోసం ప్రకటనలు, పాప్-అప్‌లు, రోజుకో పోస్టు లాంటివి అక్కర్లేదు. ఇలాంటి సైటుకు జనం ఒక్కసారిగా రారు, వెతుక్కుంటూ ఒక్కొక్కరే వస్తారు. నా సైటు చూసి ఒక పెద్దాయన కోయంబత్తూరు నుంచి రాశారు, నేను పేరు మాత్రమే పెట్టిన ఒక ప్రెస్సులో ఆయన తండ్రి కంపోజిటరు, అంటే అచ్చు అక్షరాలు పేర్చే పని. అచ్చు గళ్లు ఎలా అమర్చేవారో, సినిమావాళ్ల బొమ్మలు అచ్చువేసే బ్లాకులు ఏ వీధి నుంచి వచ్చేవో, విడుదల ముందు రాత్రి ఎలా మేలుకునేవారో ఆయన రాసిన ఉత్తరం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ పేజీ అడుగున మెయిలు లేకపోతే ఆ ఉత్తరం వచ్చేది కాదు. కామెంట్ల పెట్టె పెడితే స్పాము తుడవడంతోనే సరిపోతుంది, మెయిలు చాలు. కొత్త పేజీ పెట్టినప్పుడు తెలిసేలా ఒక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు ఉంచండి. అలాంటి ఫీడ్లను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013లో పోయినా ఆ పద్ధతి పోలేదు, నాలాంటివాళ్లు ఇప్పటికీ వాడుతున్నాం. ఇలాంటి సైట్లు నడిపేవాళ్లకు ఒక పేజీలో లింకులివ్వండి, వాళ్లకు ఒక ఉత్తరం ముక్క రాయండి. చిన్న సైట్లు ఒకదాన్ని ఒకటి చూపించుకుంటేనే దొరుకుతాయి. మీ ఇన్‌స్టాగ్రామ్‌కు కూడా అప్పుడే అసలు పని పడుతుంది: ఒక్కో అట్ట పెట్టినప్పుడల్లా మీ సైటు పేరు కింద రాయండి.

మొత్తం ఖర్చు అడిగారు కాబట్టి: డొమైనుకు ఏటా వెయ్యి లోపు, స్కానరు లేకపోతే అది ఒకసారి, రెండు హార్డ్‌డిస్కులు. మిగతాదంతా మీ సాయంత్రాలే.

నాలుగు వందలూ సిద్ధమయ్యాక మొదలుపెడదామని మాత్రం అనుకోకండి. ఈ వారం డొమైను కొనండి. నాన్నగారు ఎక్కువ ఇష్టపడ్డ పది పుస్తకాలు తీసి పది పేజీలు చేయండి. ఒకటి అణాలది, ఒకటి నయాపైసలది, ఒకటి పిన్‌కోడు వచ్చాకది ఉండేలా చూసుకుంటే మీ నమూనా పేజీలో ఏయే గళ్లు కావాలో అప్పుడే తెలిసిపోతుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ నమూనా నా దగ్గరుంది, అడగండి, పంపిస్తాను. పేర్లు మార్చుకుని వాడుకోవడమే. ఆ పది పుస్తకాల వెనుక ఉన్న ప్రెస్సు పంక్తుల్ని ఉన్నవి ఉన్నట్టు, అచ్చుతప్పులతో సహా ఇక్కడే రాయండి. నా జాబితాలో ఉన్న ప్రెస్సులైతే అవి పనిచేసిన వీధి, ఏళ్లు నేను చెబుతాను. లేనివైతే వాటిని మీ పేజీ లింకుతో నా సైటులో చేరుస్తాను.